అణు కేంద్రాలపై నిఘా ఎవరిది? ఎక్స్‌రే సెంటర్‌కూ అదే లైసెన్స్

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్నది కేంద్ర ప్రతిపాదన. కోనసీమలోని కె.గంగవరానికి అది 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయితే ఆ రియాక్టర్లను తనిఖీ చేయాల్సిన సంస్థే మన ఊళ్ల ఎక్స్‌రే, సీటీ స్కాన్ యంత్రాలకూ లైసెన్స్ ఇస్తుంది.

ఏమిటా సంస్థ?
అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ. 1983 నవంబర్ 15న ఏర్పడింది. ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉంది.

తనిఖీ ఎలా?
స్థలం ఎంపిక, నిర్మాణం, ప్రారంభం, నడపడం, చివరికి మూసేయడం... ప్రతి దశకూ విడిగా అనుమతి కావాలి. నడిపే లైసెన్స్ గరిష్ఠంగా ఐదేళ్లే. పదేళ్లకోసారి భద్రత మొత్తాన్ని మళ్లీ పరిశీలిస్తారు. లోపం కనబడితే ఉత్పత్తి తగ్గించమని, లేదా ఆపేయమని మండలి ఆదేశించొచ్చు. కేంద్రం బయట ప్రమాద సహాయక చర్యలు మాత్రం జిల్లా యంత్రాంగం బాధ్యత.

లోటు ఎక్కడ?
మండలికి తగిన స్వతంత్రత, అధికారం లేవని 2012లో కాగ్ తప్పుపట్టింది. దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 5,270కే రిజిస్ట్రేషన్ ఉందని కూడా తేల్చింది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన శాంతి చట్టంతో మండలికి చట్టబద్ధ హోదా వచ్చింది.

మనం చేయగలిగింది
స్కాన్‌కు వెళ్లినప్పుడు ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉందా అని అడగండి. గర్భిణి అయితే ఎక్స్‌రేకు ముందే ఆ మాట చెప్పాలి. పిల్లలకు డాక్టర్ రాయకుండా ఎక్స్‌రే తీయించొద్దు.