సైకిలు బ్యాటరీ: లోపలనా, వెలుపలనా?



నా బాల్యమున మా తాతగారి యింట బల్లపై పెద్ద రేడియో పెట్టె యొకటి యుండెడిది. దాని బ్యాటరీ దానిలో నుండెడిది కాదు. బల్ల క్రింద, ఇటుకవలె బరువైన వేరొక పెట్టెలో నుండెడిది. రెంటిని తీగలు కలిపియుండెను. కొంతకాలమునకు ట్రాన్సిస్టరు వచ్చెను. బ్యాటరీ చిన్నదై పెట్టెలోనికి దూరెను. రైతు రేడియోను భుజమునకు తగిలించుకొని పొలమునకు పోయెను. శక్తి వెలుపల నుండుటకును, లోపల నుండుటకును గల భేదమును నేనట్లు చిన్ననాడే చూచితిని.

ఆ సంగతి నేడు తలపునకు వచ్చుటకు కారణము కలదు. ఉద్యోగ విరమణానంతరము నేను హైదరాబాదున షేక్‌పేటలో మా కుమారుని యొద్ద నివసించుచున్నాను. వాడు ఫిలింనగరున ఛాయాగ్రాహకులకు సహాయకుడు. జూబిలీహిల్సు పేరునకు మాత్రమే కొండ గాదు. రాతి గుట్టలను తొలిచి వేసిన వీధులగుటచే ఎక్కుడు దిగుళ్లు మెండు. అందుచే వాడు కొండదారులలో నడచు సైకిలునొకదానిని కొనెను. తొక్కువానికి విద్యుత్తు తోడుపడునట్టి సైకిలది. ప్రతిరాత్రియు దాని బ్యాటరీని ఊడదీసి, మూడవ అంతస్తునకు తెచ్చి, నా మంచము చెంతనున్న ప్లగ్గునకు తగిలించి నిద్రించెడివాడు. నేను వలదంటిని. వాడు వాదించెను. ఆ వాదము తేల్చుకొనుటకై నేను తిరగవేసిన చరిత్రయే నేటి నా ప్రసంగము.

మా షేక్‌పేటలో కుతుబ్‌షాహీల నాటి సరాయి యొకటి కలదు. రెండంతస్తుల కట్టడము. బాటసారులకు గదులును, గుర్రములకును ఒంటెలకును శాలలును అందుండెను. ఉత్తరదేశమున షేర్షా 1540 మొదలు 1545 వరకు పాలించినప్పుడు బాటల వెంబడి సరాయిలు కట్టించి, వానిలో తపాలా గుర్రములను సిద్ధముగా నుంచెను. వార్త మోయువాడు అలసిన గుర్రమును దిగి, అలయని గుర్రమునెక్కి సాగిపోయెడివాడు. శక్తి యుడిగినచో శక్తినే మార్చవలెను గాని ప్రయాణమాగరాదు. వెలుపలి బ్యాటరీకి మూలసూత్రమిదియే.

ఇక విద్యుత్తు మాట. మరల మరల నింపుకొనదగిన సీసపు బ్యాటరీని ఫ్రాన్సు దేశీయుడగు ప్లాంటే 1859లో నిర్మించెను. అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ అనునతడు 1895లో విద్యుత్ సైకిలునకు పేటెంటు పొందెను. మోటారు వెనుక చక్రము నడుమ నుండెను. బ్యాటరీ, మనము పిల్లలను కూర్చుండబెట్టు పై కడ్డీ క్రింద, ఫ్రేము నడుమ వ్రేలాడుచుండెను. 1897లో న్యూయార్కు నగరమున విద్యుత్ బాడుగబండ్లు తిరుగ నారంభించెను. వాని బ్యాటరీలు మనుష్యులెత్తగల బరువు కావు. బండి నిలయమునకు రాగానే యంత్రసాయమున పాతదానిని వెలికిలాగి, నింపియుంచిన దానిని లోనికి త్రోసెడివారు. అటుపిమ్మట హార్ట్‌ఫర్డ్ పట్టణపు విద్యుత్ సంస్థ 1910 నుండి 1924 వరకు మరియొక పద్ధతి నడపెను. బండి కొనువాడు బ్యాటరీ కొననక్కరలేదు. నెలకింత, నడచిన మైలునకింత అని చెల్లించి, నిండిన బ్యాటరీని మార్చుకొనవచ్చును. ఆ బండ్లన్నియు కలిసి అరువది లక్షల మైళ్లకు పైగా నడచెను. గుర్రమును సరాయికే విడిచిపెట్టి, జీనును మాత్రము రౌతు తనదిగా నుంచుకొన్నట్టి యేర్పాటిది. మన భారత ప్రభుత్వము సయితము 2020 ఆగస్టులో, బ్యాటరీ లేకుండగనే విద్యుత్ వాహనమును అమ్మి రిజిస్టరు చేయవచ్చునని తెలిపెను. నూరేండ్లనాటి యూహ మరల మన వాకిట నిలిచినది.

ఆ దినములలో బ్యాటరీ వెలుపల నుండుటకు కారణము దాని బరువును, బలహీనతయును. 1993లో జపానునందు యమహావారు తొక్కుడునకు తోడుపడు విద్యుత్ సైకిలును విపణిలోనికి తెచ్చినప్పుడు సహితము దానిలోనిది సీసపు బ్యాటరీయే. అంతకు రెండేండ్లు ముందు, 1991లో, సోనీవారు లిథియం అయాన్ బ్యాటరీని అమ్మకమునకు తెచ్చియుండిరి. క్రమముగా సైకిళ్లకును అదియే వచ్చెను. 500 వాట్‌గంటల శక్తిని నిలువయుంచుటకు సీసమైనచో పండ్రెండు కిలోలకు పైబడును. లిథియమైనచో రమారమి మూడు కిలోలు చాలును. ట్రాన్సిస్టరు వచ్చిన పిమ్మట రేడియోకు జరిగినదే సైకిలునకును జరిగెను. బ్యాటరీ లోనికి పోదగినంత చిన్నదయ్యెను.

కొండదారుల సైకిలు 1970వ దశకమున అమెరికాలో, కాలిఫోర్నియా కొండలలో రూపొందినది. దానికి విద్యుత్తు తోడైన తొలినాళ్లలో బ్యాటరీని ఫ్రేము క్రింది గొట్టముపై వెలుపల బిగించిరి. తరువాత గొట్టమునే వెడల్పుచేసి దానిలోపల నమర్చిరి. జర్మనీ దేశపు బాష్‌వారు అట్టి లోపలి బ్యాటరీని 2017లో వెలువరించిరి. ఇందు లాభములు లేకపోలేదు. రాళ్లు తగులవు. బురద చేరదు. బరువు నడుమను క్రిందను నిలిచి, దిగుడున సైకిలు తూలదు. దొంగ కంటికి సులభముగా కానరాదు. నష్టములును కలవు. గొట్టము తెరచుటచే దానిని మరింత దళసరిగా చేయవలెను. బ్యాటరీ ఆకారము ఆ సైకిలునకే సరిపడును. తయారుచేయువారు ఆ యాకారమును మానివేసినచో మంచి సైకిలు కూడ మూలబడును. కొన్నిటిలో బ్యాటరీ ఊడి రానేరాదు. అప్పుడు ప్లగ్గు ఉన్నచోటికి సైకిలునే తోలుకొనిపోవలెను.

మా వాడు వెలుపలిదానిని మెచ్చుటకు తన వృత్తియే ఆధారము. "నాన్నగారూ, మా కెమెరాకు బ్యాటరీ వీపున తగిలించియుండును. అయిపోగానే తీసి మరియొకటి తగిలింతుము. అరనిమిషములో షూటింగు సాగును. లోపల బిగించినచో నటులందరును మాకొరకు కూర్చుండవలెను గదా!" అనెను. వాని మాట నిజమే. నేనును కాదనలేదు. కాని, ఊడివచ్చునది ఎచ్చటికి వచ్చుచున్నది అనునదే నా ప్రశ్న.

2022 ఏప్రిలులో నిజామాబాదున ఒక యింట, స్కూటరునుండి ఊడదీసి చార్జింగు పెట్టిన బ్యాటరీ రాత్రివేళ పేలి, ఎనుబదేండ్ల వృద్ధుడొకడు మరణించెను. అదే నెలలో విజయవాడయందు పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒక గృహస్థు ప్రాణము కోల్పోయెను. కుటుంబమువారు గాయపడిరి. లిథియం బ్యాటరీలో లోపలి పొరలు చెడినచో వేడి వేడిని పుట్టించును. మండెడి ఆవిరులు వెలువడును. మేలుకొని చూచునంతలో గది పొగతో నిండును. కొంగున నిప్పు కట్టుకొని నిద్రించుట యనగా నిదియే.

అట్లయిన బ్యాటరీని బండిలోనే యుంచి క్రిందనే వదలినచో భయములేదా? ఆ యేటనే సెప్టెంబరు 12వ తేదీన సికిందరాబాదున, ఎలక్ట్రికు స్కూటర్ల ప్రదర్శనశాల గల భవనపు నేలమాళిగలో నిప్పు పుట్టెను. పొగ మెట్లదారిని పైనున్న లాడ్జికెగసి 8 మంది మరణించిరి. కావున మంచము ప్రక్కయు తగదు, మెట్ల మొదలును తగదు.

ఈ విపత్తుల తరువాత ప్రభుత్వము విద్యుత్ వాహనముల బ్యాటరీలకు పరీక్షలను 2022 డిసెంబరు నుండి కఠినతరము చేసెను. అయితే 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించి తోడుపడని సైకిలు చట్టమునందు మోటారు వాహనముగా లెక్కకు రాదు. దానికి రిజిస్ట్రేషను లేదు, లైసెన్సు లేదు. జాగ్రత్త కొన్నవానిదే.

ఇంతయు చెప్పిన పిమ్మట మా వాడు కొంతసేపు మౌనముగా నుండెను. తుదకు మేమిరువురమును ఒక యొప్పందమునకు వచ్చితిమి. మేడపైన ఆరుబయట, మెట్లకు దూరముగా, రేకుల నీడను ఒక ప్లగ్గు పెట్టించితిమి. క్రింద పరచినది రాతిబండ. దాపున కర్ర లేదు, గుడ్డ లేదు. సైకిలుతో వచ్చిన చార్జరే తప్ప వేరొకటి వాడము. మేలుకొనియున్న వేళనే చార్జింగు పెట్టి, నిండినంతనే తీసివేయుదుము. క్రిందపడినదానిని, ఉబ్బినదానిని మరల తగిలింపము. ఇందొక వింత యున్నది. బ్యాటరీ ఊడివచ్చునది గనుకనే దానిని మేడపైకి మోసికొనిపోగలుగుచున్నాము. వాదమున వెలుపలి బ్యాటరీయే గెలిచెను. కాని మా వాడు చెప్పిన కారణమున గాదు.

పల్లెలలో మీకు విశాలమైన వాకిళ్లుండును. అచ్చట లోపలి బ్యాటరీ గల సైకిలైనను చిక్కులేదు. వాకిట నిలిపి చార్జింగు పెట్టవచ్చును. గడ్డివామి చెంతను, పశువుల కొట్టమునను, ధాన్యపు గదిలోను మాత్రము పెట్టనీయకుడు. మనుమడు సైకిలు కొందునని వచ్చినప్పుడు వెలయు వేగమును వాడే అడుగును. బ్యాటరీ ఊడివచ్చునా, రాత్రి అదెచ్చట నుండును అను రెండు ప్రశ్నలు మీరడుగుడు. పూర్వులు గుర్రమునకు శాలను కట్టిన పిమ్మటనే గుర్రమును కొనిరి.

సెలవు.