వాసన నుంచి కొలత దాకా



నేను కోర్టు గుమస్తాగా చేరిన తొలి రోజుల్లో 1939 నాటి మోటారు వాహనాల చట్టమే అమలులో ఉండేది.   1982లో హాలియా దగ్గర సాగర్ రోడ్డు మీద మా మేనమామను ఒక ట్రాక్టరు గుద్ది చంపింది. "నోరు వాసన కొట్టింది గాని, మనిషి తూలలేదు" అన్నాడు సాక్షి. తాగిన నేరం నిలవలేదు.

1989 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోని 185వ సెక్షను, నెత్తురులో మద్యం ఏ కొంచెం ఉన్నా నేరమే అన్నది. 1994 సవరణ దానికి హద్దు పెట్టింది: 100 మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊపిరి పరీక్షే సాక్ష్యమైంది. సాక్షి ముక్కుతో పని లేకుండా పోయింది.

మన ఉమ్మడి రాష్ట్రంలో 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరిలో మద్యాన్ని నిషేధించారు; 1997లో సడలించారు. నిషేధం పోయినా 185 నిలిచింది. 2019 సెప్టెంబరు 1 నుంచి మొదటి తప్పుకు ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, 15,000 జరిమానా.

ఆ కొలత మా మేనమామకు పన్నెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. పెళ్లికి బయలుదేరే మనుమడికి బండి తాళం ఇచ్చేముందు ఈ సంగతి ఒక్కసారి చెప్పండి.