రామతీర్థం కొండసీమలో అడవికోడి, నెమలి వేట

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని రామతీర్థం చుట్టూ ఉన్న కొండలు అహింస బోధించిన రెండు మతాలకూ ఆశ్రయమిచ్చాయి. గురుభక్తులకొండ మీది బౌద్ధ విహార శిథిలాలను 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వించాడు. దుర్గకొండ గుహలోని శాసనం తూర్పు చాళుక్య విమలాదిత్యుడి (1011–1018) గురువైన జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుణ్ణి పేర్కొంటుంది. వాటికి పడమటనున్న తూర్పు కనుమల దారుల్లో మాత్రం కోడిజాతి పక్షుల వేట ఎన్నడూ ఆగలేదు.

ఈ వేట గురించి రాతిమీద మిగిలిన తొలి మాట వంటింటిది. గంజాం ప్రాంతపు జౌగడలోనూ, కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కిన అశోకుడి మొదటి శిలాశాసనం ప్రకారం, రాజుగారి వంటశాలలో జంతువధ తగ్గించాక కూడా రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక కోస్తూనే ఉన్నారు. ఇకముందు అవీ ఆపుతామని శాసనం మాటిస్తుంది. తర్వాతి కాలపు రాజులూ జమీందార్లూ పులివేటను గొప్పగా రాయించుకున్నారు; పిట్టవేట పేదవాడి పని గనుక లెక్కకెక్కలేదు.

గోదావరికి ఉత్తరాన కనుమల్లో ఉండేది ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగుది. ఎర్రది ఊరికోళ్లకు మూలజాతి. అడవి అంచు పల్లెల్లో దాని పుంజు ఊరిపెట్టల్లో కలవడం మామూలే. వేటగాడికి ఆ చుట్టరికమే ఆయుధం. మచ్చికైన పుంజును దీమంగా (ఎరగా) కట్టేసి, చుట్టూ ఉచ్చులు పన్నుతారు. దాని కూతకు రోషపడి పోట్లాటకొచ్చిన అడవిపుంజు కాలు ఉచ్చులో పడుతుంది. మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవాళ్లంతా కలిసి వేటకు పోయేవారు. వట్టి చేతులతో తిరిగొచ్చినవారి మీద ఆడవాళ్లు పేడ విసిరి ఎగతాళి చేసేవారు.

అడవికోడి, నెమలి కుటుంబానికే చెందిన టర్కీకోడి అమెరికా అడవులది. మన దేశానికి పెంపుడు పక్షిగానే వచ్చింది. 1612లో గోవా నుంచి మొగలు చక్రవర్తి జహంగీరు కొలువుకు చేరిన టర్కీకోడిని ఆస్థాన చిత్రకారుడు మన్సూరు బొమ్మ గీశాడు. అమెరికాలో వేటకు దాదాపు అంతరించి, మళ్లీ అడవుల్లో వదిలితే పెరిగి, ఇప్పుడక్కడ ఇళ్ల వాకిళ్లలో తిరుగుతోంది.

ఇక్కడ ఆ వంతు నెమలిది. 1912 నాటి చట్టం నెమలికీ అడవికోడికీ వేట నిషేధ కాలాన్ని ప్రకటించే అధికారం ప్రభుత్వానికిచ్చింది. 1963లో నెమలి జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో చేర్చింది. ఇప్పుడు దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి. భయం తీరిన నెమళ్లు తెల్లవారుజామునా పొద్దుగూకే వేళా పొలాల్లో దిగుతాయి. వేరుశనగ విత్తనాలు, వరి గింజలు, కూరగాయల మొలకలు, దొరికితే పురుగులు, చిన్న పాములు కూడా తింటాయి. అద్దంలో తన నీడనే పగవాడనుకుని పొడిచే మగనెమలి ఇళ్లవాళ్లకు మరో తలనొప్పి. విషం కలిపిన గింజలు చల్లే రైతు కోపం అర్థమయ్యేదే, కాని అదీ వేట కిందికే వస్తుంది. దానంతటది రాలిన ఈకను ఏరుకోవడం, దేశంలో అమ్ముకోవడం తప్పు కాదు. విదేశాలకు ఎగుమతి చేయడం మాత్రం నిషిద్ధం.