కిరాయి ఇల్లు, సాయిబు పేరు

ఇల్లు ఖాళీగా ఉందా అని అడుగుతాం. ఆ 'ఖాళీ' అరబ్బీ మాట. కిరాయి కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. మా మదనపల్లె వైపు కిరాయి అనరు, బాడుగ అంటారనుకోండి. కానీ బాడుగ కట్టిన తారీఖు, చేతికిచ్చే రసీదు, రాసుకునే షరతులు, పూచీపడే జామీనుదారు, గొడవొస్తే పట్టుకునే వకీలు - ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల్లోంచి ఉర్దూలోకీ వచ్చాయి, తెలుగులోకీ వచ్చాయి. వీటిలో దేన్నీ తెలుగు గుమ్మం దగ్గర నిలబెట్టి 'మీరేమిటోళ్ళు?' అని అడగలేదు. ఆ ప్రశ్న మా కోసం దాచిపెట్టారు.

ఈ మాటలు గాలికి కొట్టుకొచ్చినవి కావు. కడప నవాబుల కచేరీల్లో, గుర్రంకొండ కోటలో ఫార్సీ రాజ్యభాషగా నడిచింది. గుర్రంకొండను చూసిన మీర్ రజా అలీ ఖాన్ టిప్పు సుల్తానుకు మేనమామ. మదనపల్లె సీమ హైదరాలీ నుంచి టిప్పుకు, టిప్పు నుంచి నిజాముకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి చేతులు మారింది. పుంగనూరు సొంతంగా ఒక జమీందారీ. కుప్పం కంగుంది జమీందారీలోది. ఆ రెండూ ఉత్తరార్కాటు జిల్లాలో పడ్డాయి. 1911లో చిత్తూరు జిల్లా పుట్టి మూడూళ్ళనూ ఒక కప్పు కిందికి తెచ్చింది. 2022లో మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది.

ఈ చరిత్ర ఎత్తగానే 'మీరు మమ్మల్ని ఏలినోళ్ళు కదా' అంటారు. కోటలో కూర్చున్నవాళ్ళు ఎందరు? మిగిలిన మేమంతా ఎవరం? దూది ఏకినవాళ్ళం, జట్కా తోలినవాళ్ళం, గాజులు అమ్మినవాళ్ళం, లాడాలు కొట్టినవాళ్ళం, బీడీలు చుట్టినవాళ్ళం. నవాబుకైనా జమీందారుకైనా పన్ను కట్టినవాళ్ళమే. మా తాతలు లోపలికి తొంగి చూడని కోటకు మమ్మల్ని వారసుల్ని చేసి, ఒక పడకగది, ఒక వంటిల్లు ఉన్న వాటా మాత్రం లేదంటారు.

1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఉండి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీని స్వరపరిచింది. ఊరంతా గర్వపడుతుంది, మేమూ గర్వపడతాం. ఆ పాట రెండో చరణంలో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పార్సీలతో పాటు ముసల్మానులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. జాతీయగీతంగా పాడేది మొదటి చరణమొక్కటే. మేమున్న చరణాన్ని బడిలో ఎవరూ అప్పజెప్పించుకోరు.

ఇప్పుడీ ఊళ్ళు మారుతున్నాయి. మదనపల్లెలో టమోటా వ్యాపారం, నీరుగట్టువారిపల్లె పట్టుమగ్గాలు, అటుపక్క బెంగుళూరు. పాత మిద్దెలు పడి అపార్టుమెంట్లు లేస్తున్నాయి. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టాక బయటినుంచి వచ్చిన పిల్లలకూ పంతుళ్ళకూ గదులు కావలసి వచ్చాయి. కుప్పం తెలుగు, తమిళం, కన్నడం మూడూ నడిచే ఊరు. మా దక్కనీ నాలుగోది. అంత భాషలు కలిసిన చోటా పేరు దగ్గర మాట ఆగిపోతుంది. పాత ఊళ్ళో పేరడిగే పనే ఉండేది కాదు. ఎవరేమిటో వీధి చెప్పేది. కొత్త అపార్టుమెంటులో ముక్కూమొహం తెలియని నాలుగు కాపురాలు ఒకే మెట్లెక్కుతాయి. వీధి చెప్పలేనిది ఇంటి యజమాని నోటితో అడుగుతున్నాడు. కొత్తదనం వస్తే పాత ప్రశ్న పోతుందనుకున్నవాళ్ళం మేము. అది లిఫ్టెక్కి పైకొచ్చింది.

ఫోనులో మా తెలుగు విని 'రేపే వచ్చి చూసుకోండి సార్' అంటారు. పేరు చెప్పాక కాస్త మౌనం. ఆ తర్వాత 'తెలుగు భలే మాట్లాడతారే మీరు!' అని మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు వినగానే ఇల్లు రాదని తెలిసిపోతుంది. ఇక చుట్టాలు దిగుతారు, రంగులు వేయించాల్సి ఉంటుంది, ఇంట్లో పెద్దామె ఒప్పుకోదు. 'మాంసం వండేవాళ్ళకు ఇవ్వం' అన్న పెద్దమనిషే ఆదివారం పొద్దున మా చిన్నాయన అంగడి ముందు పొట్టేలు కూరకు వరసలో నిలబడతాడు. అప్పు కూడా పెడతాడు.

చట్టం ఏమంటుంది? 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం ఇంట్లో దిగినవాణ్ణి ఇష్టమొచ్చినట్టు ఖాళీ చేయించకుండా కాపాడింది. మతం చూసి దిగనివ్వకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్ళు, హోటళ్ళు, బావులు, చెరువులు, దారుల దగ్గర కులమతాలు చూసి ఎవరినీ అడ్డుకోకూడదంది. బాడుగ ఇంటి గడప ఆ జాబితాలో లేదు. అమెరికాలో నల్లవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్లో, ఇళ్ళ అమ్మకాల్లో అద్దెల్లో వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇక్కడ 2006లో సచార్ కమిటీ ముస్లింలకు ఇళ్ళు దొరకడం కష్టంగా ఉందని రాసింది. రాసినకాడికి అయింది.

తిరిగి తిరిగి మేము మా వీధికే చేరతాం. అక్కడ ఇళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ, బాడుగ ఇంకా ఎక్కువ. మురుగుకాలువ మీద బండ వేసుకుని సర్దుకుంటాం. అలా నలుగురం ఒకచోట పడ్డాక, 'వీళ్ళు ఎవరితోనూ కలవరు, గుంపుగానే ఉంటారు' అన్న వాక్యం పుడుతుంది. పత్రికల్లో పనిచేసే మాకు అది ఎన్నిసార్లు అచ్చయిందో తెలుసు.

మనవాళ్ళకు కోపమొచ్చినా ఇంకో మాట చెప్పాలి. మా వీధిలోనూ మిద్దెమీద గదులున్నాయి. వాటినడగను మాదిగ కుర్రాడొస్తాడు. దూదేకుల టీచరమ్మ వస్తుంది. ఆమె నమాజు చదువుతుంది, కానీ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. ఆమెను మన పెద్దమనిషి ఉర్దూలో అడుగుతాడు, 'ఆప్ లోగా కౌన్?' అని. ఆ తర్వాత అతని ఇంటికీ చుట్టాలొస్తున్నారు.