ఇంటిపేరు సురభి

పెళ్లయ్యాక మన ఇంటిపేరు మారిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఒకటి, ఆధార్ మీద ఇంకొకటి. మా చెల్లెలు ఎల్బీనగర్‌లో, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో. మధ్యలో ఉన్నవి రెండే మెట్రో స్టేషన్లు. అయినా మా పేర్లు రాసి పక్కపక్కన పెడితే ఒక తల్లి పిల్లలమని ఎవరూ అనుకోరు. తెలుగునాట ఒక కుటుంబంలో మాత్రం ఆడపిల్లలు ఏ ఇంటికి వెళ్లినా జనం వాళ్లని ఒకే పేరుతో పిలిచారు. సురభి వాళ్లు. ఈమధ్య వాళ్ల సంగతులు వరసగా చదువుతున్నాను, అందుకే ఇదంతా.

నిజానికి సురభి ఇంటిపేరు కాదు, కడప జిల్లాలో ఒక ఊరు. ఊరూరా తిరిగి తోలుబొమ్మలాడించుకునే, మరాఠీ మూలాలున్న కుటుంబాల వాళ్లు 1885లో ఆ ఊళ్లో బొమ్మల్ని పక్కన పెట్టి తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడారు. ఆ నాటక సమాజానికి ఆద్యుడిగా వనారస గోవిందరావు గారి పేరు చెబుతారు. (మొదటి నాటకం ఏమిటో చూశారా? పనిచేసే చోట ఒక ఆడమనిషి పడ్డ వేధింపుల కథ!)

ఆ రోజుల్లో తెలుగు నాటకాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లవే. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చింతామణిగా ఎంత పేరు తెచ్చుకున్నారో మీకు తెలుసు. 1956లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆయన గొప్పతనం గురించి రెండో మాట లేదు. కానీ ఆడదాని నడక, ఆడదాని అలక, ఆడదాని ఏడుపు మగవాళ్లు వేస్తే కళ, ఆడది వేస్తే పరువు తక్కువ అనుకున్న కాలం అది. మా అత్తగారికి చిన్నప్పుడు నాటకం చూడటానికి వెళ్లాలన్నా ఇంట్లో ఒప్పుకునేవారు కాదట. చూడటానికే అలా ఉంటే ఇక వేషం కట్టడం సంగతి చెప్పాలా!

సురభి వాళ్లు అలాంటప్పుడు తమ ఇంటి ఆడపిల్లల్నే స్టేజి ఎక్కించారు. ఎలా కుదిరిందంటే, స్టేజి మీద ఉన్నది బయటివాళ్లు కాదు. తండ్రి, అన్న, తమ్ముడు, పెళ్లయ్యాక భర్త, బావ, మరిది. హార్మోనియం వాయించేదీ ఇంట్లో వాళ్లే, తెర లాగేదీ ఇంట్లో వాళ్లే. నలుగురూ ఏమంటారోనన్న భయం అక్కడ సగం తగ్గిపోతుంది. మనలో మాట, దీన్ని నేను పూర్తి స్వేచ్ఛ అనలేను. ఇంటి గోడల్నే కాస్త జరిపి స్టేజి చుట్టూ కట్టుకున్నట్టుంది. అయినా ఆ గోడల మధ్యనే ఆడది గొంతెత్తి పద్యం పాడి, వందల మంది చేత చప్పట్లు కొట్టించుకుంది. మిగతా ఇళ్లలో ఆ మాత్రం కూడా లేదు కదా.

గోవిందరావు గారికి ముగ్గురు కొడుకులు, పది మంది కూతుళ్లు అని చెబుతారు. పది మంది కూతుళ్లంటే మామూలు ఇంట్లో పది పెళ్లిళ్ల ఖర్చు, పది వీడ్కోళ్లు. ఇక్కడ మాత్రం పిల్లలు పెరిగి, పెళ్లిళ్లై, సంసారాలు పెరిగిన కొద్దీ నాటక సమాజాలూ పెరిగాయి. వనారసతో పాటు రేకందార్, ఆవేటి, సింధే అంటూ వేరువేరు ఇంటిపేర్ల వాళ్లంతా సురభి వాళ్లే అయ్యారు. ఒకప్పుడు ఇలాంటివి 40కి పైగా ఉండేవంటారు. ఇంత విస్తరించడంలో కొడుకుల వంతు ఎంతో, కూతుళ్ల వంతు అంతకంటే ఎక్కువ అని నా లెక్క. కాగితాల మీద మాత్రం సమాజాల పెద్దలుగా కనిపించేవి ఎక్కువగా మగవాళ్ల పేర్లే.

పేరు నిలిచిన ఆడపిల్ల సురభి కమలాబాయి. తల్లి దమయంతి వేషంలో ఉండగానే నొప్పులొచ్చాయనీ, తెర దించి అక్కడే పురుడు పోశారనీ చెప్పుకుంటారు. నిండు నెలల్లో కూడా వేషం కట్టక తప్పలేదా, లేక ఆవిడే వదులుకోలేకపోయిందా? ఆ ముక్క ఎవరూ రాయలేదు. నాకు మాత్రం కథలో అన్నిటికంటే తెలుసుకోవాలనిపించేది అదే. కమలాబాయి చిన్నప్పుడు కృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు వేసిందట. తర్వాత హెచ్.ఎం.రెడ్డి బొంబాయిలో తీసిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడి తల్లి లీలావతి అయింది. 1932లో వచ్చిన ఆ సినిమాతో తెరమీద తెలుగు మాట్లాడిన తొలి కథానాయిక ఆవిడే. కొడుకు వేషం నుంచి తల్లి వేషానికి!

ఇలాంటి కుటుంబాలు అమెరికాలోనూ ఉండేవి. 1860లలో న్యూయార్క్‌లో వొరెల్ అక్కచెల్లెళ్లని ముగ్గురు, సోఫీ, ఐరీన్, జెన్నీ, బర్లెస్క్ ఆటలతో పేరు తెచ్చుకున్నారు. అప్పట్లో బర్లెస్క్ అంటే పెద్ద పెద్ద కథల్ని పాటలతో, డాన్సులతో వెక్కిరించే హాస్య నాటకం. బట్టలు విప్పే ఆటగా మారింది తర్వాతి రోజుల్లో. ఆ తర్వాతి రోజుల్లోనే హోవిక్ అక్కచెల్లెళ్లు వచ్చారు. తల్లి రోజ్ చిన్నకూతురు జూన్‌ని పసితనం నుంచే స్టేజి మీద నిలబెట్టి సంపాదించింది. జూన్ పదిహేను, పదహారేళ్ల వయసులో తమ బృందంలోని కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. అప్పటిదాకా వెనక వరసలో ఉన్న అక్క లూయీజ్ బర్లెస్క్‌లోకి వెళ్లి జిప్సీ రోజ్ లీ అయింది. 1957లో జిప్సీ తన కథ రాసింది, 1959లో అది బ్రాడ్వే నాటకమైంది. అందులో తనని చూపించిన తీరు జూన్‌కి నచ్చలేదు. ఒకే ఇల్లు, ఒకే స్టేజి, రెండు జ్ఞాపకాలు.

సురభి అక్కచెల్లెళ్లలో ఒక్కరైనా తమ కథ అలా రాసి ఉంటే ఎంత బాగుండేది! ఎవరికి పెద్ద వేషాలు దక్కాయి, ఎవరు చెలికత్తెగానే మిగిలిపోయారు, చంటిపిల్లని ఎవరి ఒళ్లో పెట్టి స్టేజి మీదకి వెళ్లేవారు... ఇవి మనలాంటి వాళ్లకి తడతాయి గానీ, నాటక చరిత్ర రాసేవాళ్లకి తట్టవు.

ఇప్పుడు సమాజాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. లింగంపల్లి వైపు సురభి కాలనీ ఉంది. అక్కడి సమాజాన్ని నడిపిన బాబ్జీ గారికి, అంటే రేకందార్ నాగేశ్వరరావు గారికి, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన పోయారు. నాటకాలు మాత్రం ఇంకా వేస్తూనే ఉన్నారు. రవీంద్రభారతిలో ‘మాయాబజార్’ వేసినప్పుడు వెళ్లండి. మనవైపు నుంచి రైలు మారాల్సిన పనే లేదు, అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే చాలు. పిల్లల్ని తీసుకెళ్తే మరీ ముందు వరసలో కూర్చోకండి, ఘటోత్కచుణ్ణి పైకి లేపే తీగలు కనబడతాయి. నాలుగు వరసలు వెనక్కి వెళ్తే లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్తున్నట్టే ఉంటుంది.