మూసీ వరద నుండి మ్యాన్‌హోల్ మూత దాకా

1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి హైదరాబాదులో వేలమందిని బలిగొన్న తరువాత, నిజాం ప్రభుత్వం మరుసటి ఏడు పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదను ఎగువనే నిలిపే జలాశయాలతోపాటు భూగర్భ డ్రైనేజీని, అనగా ఇళ్ల మురుగును నేలలోని గొట్టాల ద్వారా ఊరి వెలుపలికి తరలించే ఏర్పాటును, సూచించాడు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలు తొలగించి రోడ్లు వెడల్పు చేసి, పత్తర్‌గట్టిలో రాతి కమానుల బజారు నిలిపింది. సందర్శకులు మెచ్చుకునేది దీన్నే గాని, కంటికి కనబడని గొట్టాలను కాదు.

నేటి నగరవాసి ఫిర్యాదు మాత్రం ఆ గొట్టాల గురించే. వాననీటిని చెరువు నుండి చెరువుకు మోసే సహజ కాల్వలైన నాలాలు ఆక్రమణలతో కుంచించుకుపోగా, ఆ నీరు మురుగు గొట్టాలలోకి చొరబడి మ్యాన్‌హోళ్ల నుండి పొంగుతుంది. నిలిచిన నీరు దిగాలని ఎవరో మూత తీసి, బాటసారులకు గుర్తుగా అందులో చెట్టుకొమ్మ గుచ్చుతారు. నాలాలు నగరపాలక సంస్థవి, మురుగు గొట్టాలు 1989లో ఏర్పడిన జలమండలివి కావడంతో, రెండు నీళ్లూ కలిసిన వీధివారు చిరకాలంగా రెండు కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు.