యానాం దస్త్రముల రెండవ ప్రతి

గౌతమి నుండి కోరంగి పాయ చీలుచోట యానాం వెలసినది. మెట్టకూరు అందలి గ్రామములలో నొకటి. పేరులో మెట్ట యున్నను ఈ ప్రాంతమంతయు డెల్టా భూమియే. చేరువనున్న కోరంగి రేవును 1789 లోను, 1839 లోను ఉప్పెనలు ముంచివేసినవి. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 నాటి తుపాను పెద్దలకు జ్ఞాపకమున్నవే. 2022 జూలైలో వరదనీరు మరల యానాం వీధులలోనికి వచ్చెను. ఇట్టి తావున కాగితము ఎంతకాలము నిలుచును? జనన మరణములు, వివాహములు, క్రయవిక్రయములు వ్రాసిన పుస్తకము ఒక్క పెట్టెలోనే యున్నచో ఆ పెట్టెతోపాటే పోవును. కావున రెండవ ప్రతి దూరమున నుండవలెనన్న ఆలోచన కంప్యూటరుతో పుట్టినది కాదు.

ఫ్రెంచివారు 1723 లో యానాంలో వర్తకశాల నెలకొల్పి, 1727 లో విడిచి, 1731 లో మరల తెరచిరి. 1776 జూనులో పదునారవ లూయీ రాజు ఒక శాసనము గావించి, వలసరాజ్యముల దస్త్రములకై వెర్సాయి నగరమున భాండాగారమును స్థాపించెను. జ్ఞానస్నాన, వివాహ, ఖనన పుస్తకములకును, నోటరీ పత్రములకును అదనపు ప్రతి వ్రాయించి అచ్చటికి పంపవలెనని ఆ శాసనము విధించినది. ఇది మనయందలి దయతో జరిగినదని చెప్పజాలము. దూరదేశములకు పోయిన తమ కుటుంబముల వారసత్వ తగవులే ప్రభువుల మనస్సున ముఖ్యముగా నుండి యుండును. ఏమైనను, చేతివ్రాత ప్రతి ఓడ నెక్కి నెలల తరబడి సాగి పోయెడిది. నేడు మనము అప్‌లోడు అనుచున్న కార్యమునకు ఇది పూర్వరూపము.

1954 నవంబరు 1 న యానాం పాలన భారత ప్రభుత్వమునకు సంక్రమించినది. 1962 ఆగస్టు 16 న ఆ మార్పు న్యాయసమ్మతమైనది. పాలన మారినను, పంపిన ప్రతులు సముద్రమున కావలనే నిలిచినవి. 1966 లో ఎక్స్ నగరమున ఏర్పడిన భాండాగారము కాలక్రమమున వానికి నిలయమైనది. ఆ సంస్థ నూరేండ్లు దాటిన జనన వివాహ మరణ పుస్తకముల పుటలను ఇంటర్నెట్టులో నుంచినది. అందు యానాం పుస్తకములును గలవు. మెట్టకూరులో గూర్చున్నవాడు సెల్‌ఫోనుపై వానిని చూడగలడు. సంతోషమే గాని, ఆ పెట్టె తాళము మాత్రము మన చేత లేదు.

మన యింటి పత్రములకు, మన సంఘముల పుస్తకములకు రెండవ ప్రతిని మనమే దాచుకొను సాధనములు నేడు గలవు. అందు మొదటిది ఫైలును కుదించుట. పూర్వము కరణములు ఊరి పేరు, ఆసామి పేరు ఒకమారు పూర్తిగా వ్రాసి, పిదప 'సదరు' అని సరిపెట్టెడివారు. 1977 లో జివ్, లెంపెల్ అను పండితులు ప్రకటించిన సూత్రము ఇంచుమించు ఇదియే: ముందు వచ్చిన అక్షరవరుస మరల వచ్చినపుడు దానిని తిరిగి వ్రాయక, అది ఎంత వెనుక నున్నదో, ఎంత పొడవో తెలుపు రెండు సంఖ్యలను వ్రాయుట. తరచుగా వచ్చు గుర్తులకు పొట్టి సంకేతము, అరుదైన వానికి పొడవైనది ఇచ్చుట 1952 లో హఫ్‌మన్ చూపిన ఉపాయము. నేటి జిప్ ఫైళ్లు సాధారణముగా ఈ రెంటిని కలిపి వాడును. తెలుగున కిది మిక్కిలి లాభము. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. అందు మొదటిది ఎల్లప్పుడు ఒకటే, రెండవది రెండింటిలో నొకటి. ఆ పునరుక్తిలో చాలభాగము 'సదరు'లో అణగిపోవును. ఛాయాచిత్రముల విషయమున అంత ఆశ వలదు. జేపెగ్ చిత్రము ముందే కుదింపబడినది. జిప్ చేసినను తగ్గునది అత్యల్పము.

కుదించిన ఫైలును డిస్కుపై వ్రాసి, మరల చదివి పంపుట పాత పద్ధతి. ఇపుడు మూలమును మెమరీలోనికి చదివి, అచ్చటనే కుదించి, అచ్చటినుండియే క్లౌడునకు, అనగా 2006 లో అమెజాను సంస్థ ఎస్3 పేరున ఆరంభించినట్టి అద్దె భాండాగారమునకు, పంపవచ్చును. డిస్కుపై చోటు చాలని యంత్రమునకు ఇది గొప్ప ఉపకారము. అయితే మెమరీ గంగాళము వంటిది. పట్టనిది పోసిన పొరలును. కావున పెద్ద ఫైలును ముక్కలుగా తీసికొని, ఒకటి పంపిన పిమ్మట మరియొకదానిని చేపట్టవలెను. నడుమ కరెంటు పోయినచో మెమరీలోనిది పోవును. మూలమున్నచో మరల మొదలిడవచ్చును. చేరినదని రూఢియగువరకు మూలమును తుడువరాదు.

చేతివ్రాత నకలులో నొక అక్షరము చెడినను తక్కిన పుట చదువవచ్చును. కుదించిన ఫైలులో ఒక్క బైటు చెడినను దాని వెనుక నున్నదంతయు చదువరానిది కావచ్చును. జీజిప్ పద్ధతిలో ఫైలు చివర నాలుగు బైట్ల తనిఖీ సంఖ్య నుంచుట ఇందుకే. అది నకలును సరిచూచినవాని సంతకము వంటిది. దానిని సరిచూడక పంపువారే యెక్కువ. మన సంఘములలో ఖాతా తరచుగా ఒక్క కార్యదర్శి ఫోను నంబరుపై నుండును. ఆయన ఊరు మారినచో తాళముచెవియు మారిపోవును. అది సంఘము పేర, ఇద్దరు ముగ్గురి ఎరుకలో నుండవలెను. ఏటేట ఒక ఫైలునైనను దింపి, విప్పి, చదివి చూడవలెను. మరియొక ప్రతిని ఊరిలోనే, 1986 నాటి వరదగుర్తుకు పైనున్న మేడగదిలో నుంచుట మేలు.